కత్తి పట్టిన మాంత్రికుడు

మంత్రం వచ్చినవాడికి కత్తి తిప్పడం రాదు. కత్తి తిప్పేవాడికి మంత్రం రాదు. మన జానపద సినిమాల్లో చూసిన లెక్క ఇదే. మరి రెండూ వచ్చినవాడు ఒకడుంటే? వాడు మీ జట్టులో చేరితే మిగతావాళ్లకు పనేం మిగులుతుంది? బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఓ ఊహాలోకపు ఆట, యాభై ఏళ్లుగా ఈ చిక్కుముడిని విప్పుతూనే ఉంది!

చీకటి గుహ. ఎదురుగా తొమ్మిదడుగుల రాక్షసుడు. చేతిలో తాటిమొద్దంత దుడ్డుకర్ర. జట్టులో ముందు నిలబడ్డ ఇనుప కవచం యోధుడు అప్పటికే నేలకూలాడు. గాయాలు మాన్పే పూజారి దగ్గర మంత్రాలు అయిపోయాయి. చిల్లర దొంగ ఒకడు చీకట్లో ఎటో నక్కాడు. రాక్షసుడికి ఎదురుగా మిగిలింది ఒక్కడే.

‘‘ఏం చేస్తావ్? కత్తితో కొడతావా, మంత్రం వేస్తావా?’’

‘‘రెండూ! మంత్రాన్ని కత్తిలోకి ఎక్కించి కొడతా.’’

అందరూ ఊపిరి బిగబట్టారు. ఇరవై ముఖాల పాచిక గలగలా దొర్లి ఆగింది. 13!

నిజానికి అక్కడ గుహా లేదు, రాక్షసుడూ లేడు. ఉన్నదల్లా ఓ భోజనాల బల్ల, చుట్టూ ఐదుగురు కుర్రాళ్లు, కాసిని కాగితాలు, పెన్సిళ్లు, గుప్పెడు రంగురంగుల పాచికలు... సగం ఖాళీ అయిన చిప్స్ ప్యాకెట్టు. వాళ్లు ఆడుతున్నది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఆ కత్తి-మంత్రం కుర్రాడు ఎంచుకున్న పాత్ర పేరు ‘డస్క్‌బ్లేడ్’. 2006లో ఈ ఆటలోకి వచ్చిన యుద్ధ మాంత్రికుడు.

ఆ 13కి అర్థమేంటో చూద్దాం. మన డస్క్‌బ్లేడ్ మూడో లెవల్లో ఉన్నాడు. యుద్ధంలో తర్ఫీదుకు 3, కండబలానికి 3 కలిపితే 19. రాక్షసుడి రక్షణ అంకె 16. దాన్ని దాటాడు కాబట్టి దెబ్బ తగిలినట్టే. ఎంత గట్టిగా? కత్తికి ఎనిమిది ముఖాల పాచిక వేస్తే 5 పడింది. కండబలం 3 కలిపితే 8. కత్తి మీదుగా పాకిన విద్యుత్ మంత్రానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేశారు. 4, 6, 2... మొత్తం 12. అంతా కలిపి 20. కానీ రాక్షసుడి ప్రాణం 29 పాయింట్లు.

అంటే వాడింకా నిలబడే ఉన్నాడు. ఇప్పుడు వంతు వాడిది!

ఆ కుర్రాడికి ఏమైందో తర్వాత చూద్దాం. ముందు అసలీ ఆట సంగతేంటో తెలుసుకుందాం.

ఐదుగురూ కలిసి అల్లే కథ

చదరంగంలా ఇందులో పలక ఉండాల్సిన పనిలేదు. క్యారమ్స్‌లా గెలిచినవాడు, ఓడినవాడు అని చివర్లో లెక్క తేలదు. ఆడేవాళ్లలో ఒకరు సూత్రధారి. ఆయన్ను ‘డంజన్ మాస్టర్’ అంటారు. ‘మీరో పాడుబడ్డ కోట ముందున్నారు, లోపల్నుంచి ఏదో మూలుగు వినిపిస్తోంది’ అంటూ కథ మొదలుపెడతాడు. మిగతావాళ్లు తలో పాత్ర. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

పాత్రను తయారు చేసుకునేటప్పుడు మొదట ఎంచుకునేది ‘క్లాస్’. ఒక రకంగా వృత్తి అనుకోవచ్చు. యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ... ఇలా. ఒక్కొక్కరికీ ఒక్కో విద్య. యోధుడు ముందుండి దెబ్బలు కాస్తాడు. మాంత్రికుడు వెనక నిలబడి అగ్నిగోళాలు విసురుతాడు. పూజారి గాయాలు మాన్పుతాడు. దొంగ తాళాలు తీస్తాడు. ఎవరు లేకపోయినా మిగతావాళ్లకు ఇబ్బందే. అందుకే అందరూ కలిసి ఆడతారు. ఆట ప్రాణమంతా ఈ పని పంపకంలోనే ఉంది.

గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బ్యాటూ వాడిదే, బౌలింగూ వాడిదే, కీపింగూ వాడే చేస్తానంటే... మిగతా పిల్లలు ఎంతసేపు బంతి ఏరుకొస్తారు? రెండ్రోజులు చూసి మూడో రోజు రావడం మానేస్తారు. కత్తీ మంత్రమూ రెండూ వచ్చిన పాత్రతో ఆట తయారుచేసేవాళ్లకు వచ్చిన ఇబ్బంది సరిగ్గా ఇదే.

చెప్పులు బాగుచేస్తూ...

ఈ ఆట పుట్టుకకు మూలం ఇద్దరు. ఒకరు గ్యారీ గైగాక్స్. 1938లో షికాగోలో పుట్టాడు. ఓ బీమా కంపెనీలో పనిచేసేవాడు. 1970లో ఆ ఉద్యోగం పోయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, ఇంటి కింద గదిలో చెప్పులూ బూట్లూ బాగుచేస్తూ సంసారం ఈదాడు. పిచ్చి మాత్రం యుద్ధక్రీడల మీదే. చిన్న చిన్న సైనికుల బొమ్మలతో పాతకాలపు యుద్ధాల్ని బల్ల మీద ఆడే ఆటలవి. 1968లోనే తన ఊళ్లో ఇలాంటివాళ్లందర్నీ పోగేసి ‘జెన్ కాన్’ అనే ఆటల పండగ పెట్టాడు.

రెండో ఆయన డేవ్ ఆర్నెసన్. మిన్నెసోటాలో విద్యార్థి. ఒక్కో ఆటగాడూ ఒక దండును కాకుండా ఒకే ఒక్క మనిషిని నడిపిస్తే ఎలా ఉంటుంది... ఆ మనిషి ఒక ఆట నుంచి ఇంకో ఆటకు అనుభవం సంపాదించుకుంటూ ఎదిగితే ఎలా ఉంటుంది... ఈ ఆలోచనతో ‘బ్లాక్‌మూర్’ అనే కల్పిత రాజ్యంలో స్నేహితులతో ఆడించాడు. అది చూసి గైగాక్స్ ముగ్ధుడైపోయాడు. ఇద్దరూ కలిసి నియమాలు రాశారు.

అచ్చు వేయించడానికి సొంతంగానే దిగారు. గైగాక్స్ తన చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి 1973లో ‘టాక్టికల్ స్టడీస్ రూల్స్’ అనే కంపెనీ పెట్టాడు. అదే తర్వాత టీఎస్ఆర్‌గా పేరుపడింది. 1974 జనవరిలో మొదటి వెయ్యి పెట్టెలు బయటికొచ్చాయి. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ధర పది డాలర్లు. ఆ వెయ్యీ అమ్ముడుపోవడానికి సుమారు ఏడాది పట్టింది. కానీ ఆ తర్వాత ఆగలేదు.

‘నీకు బాకు చాలు’

ఆ మొదటి పెట్టెలో మూడే మూడు క్లాసులు. యోధుడు, మాంత్రికుడు, పూజారి. యోధుడికి ఏ ఆయుధమైనా, ఏ కవచమైనా ఓకే. మాంత్రికుడికి మాత్రం ఆయుధం ఒక్కటే... బాకు! కవచం ముట్టుకోకూడదు. పూజారి కవచం తొడగొచ్చు గానీ పదునున్న ఆయుధం పట్టకూడదు. పైగా మొదటి లెవల్లో ఆయనకు మంత్రాలే ఉండవు.

మాంత్రికుడి మీద ఎందుకంత కచ్చ? జవాబు ఇంకాస్త వెనక్కి వెళ్తే దొరుకుతుంది. గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడ రాశారు. దాని చివర ఊహాలోకపు యుద్ధాల కోసం ఓ అనుబంధం చేర్చారు. అందులో మాంత్రికుడు విసిరే అగ్నిగోళం ఎంత మేర పడుతుందో ఎలా చెప్పారో తెలుసా? పెద్ద రాళ్లు విసిరే యంత్రం ఎంత మేర కొడుతుందో అంత! మెరుపు మంత్రానికి బరువైన ఫిరంగి కొలత! అంటే ఈ ఆటలో మాంత్రికుడు పుట్టుకతోనే ఫిరంగి. ఫిరంగికి కత్తి ఎందుకు? అసలు ఫిరంగికే కవచం తొడిగి, కత్తి ఇచ్చి ముందుకు తోస్తే ఇక సైన్యం ఎందుకు?

కాబట్టి ఆ బలానికి తగ్గ బలహీనత ఇచ్చారు. 1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్’ నియమాల్లో యోధుడి ప్రాణానికి పది ముఖాల పాచిక వేస్తే, మాంత్రికుడికి నాలుగు ముఖాలదే వేయాలి. ఒకటి పడిందా... ఆరంభంలో మీ ప్రాణం ఒక్క పాయింటు. ఎవరైనా గట్టిగా తోసినా పోయేంత! రోజుకు ఒక్కటే మంత్రం. అది వేసేశాక ఆ పూటంతా యోధుడి వీపు వెనక దాక్కోవడమే. అయితే ఓపిగ్గా ఐదో లెవల్ దాకా బతికి బట్టకట్టారా... ఒక్క అగ్నిగోళంతో గదిలోని శత్రువులందర్నీ మసి చేయొచ్చు. యోధుడు మెట్లెక్కుతుంటే మాంత్రికుడు లిఫ్టులో పోతాడన్నమాట. కింది మెట్టు మీద కష్టాలన్నీ ఆ లిఫ్టు టికెట్టుకు కట్టిన మూల్యం.

కర్ణుడి శాపం లాంటిదే

మంత్రాలకు ఇంకో మెలిక కూడా పెట్టారు. మాంత్రికుడు పొద్దున్నే పుస్తకం తెరిచి ఆ రోజుకు కావలసిన మంత్రాల్ని కంఠతా పట్టాలి. ఒకసారి వేయగానే అది మనసులోంచి చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ చదువుకోవాల్సిందే. ఈ ఆలోచన అమెరికన్ రచయిత జాక్ వాన్స్‌ది. 1950లో వచ్చిన ఆయన ‘ది డైయింగ్ ఎర్త్’ పుస్తకంలో మాంత్రికులు ఇలాగే ఉంటారు. గైగాక్స్ దాన్ని ఆటలోకి తెచ్చుకున్నాడు.

మనకిది చదవగానే ఎవరు గుర్తొస్తారు? పరశురాముడి శాపంతో కీలక సమయంలో అస్త్రమంత్రం మర్చిపోయిన కర్ణుడే కదా! నిజానికి కత్తీ మంత్రమూ వేరువేరన్న గొడవ మన ఇతిహాసాల్లో లేదు. అర్జునుడు, అశ్వత్థామ, ద్రోణుడు... అందరూ మంత్రం జపించి బాణం వదిలినవాళ్లే. బ్రహ్మాస్త్రం వదలడం తెలిసి, వెనక్కి పిలవడం తెలియని అశ్వత్థామ కథ మనకు కొత్త కాదు. జానపద సినిమాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ విడిపోయారు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో మంత్రం ఎస్వీ రంగారావుది, సాహసం ఎన్టీ రామారావుది.

పడమటి కథల్లోనూ రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గాండాల్ఫ్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గ్లామ్‌డ్రింగ్ అనే కత్తి పట్టి పోరాడతాడు. మైకేల్ మూర్‌కాక్ సృష్టించిన ఎల్రిక్ మంత్రాలతో భూతాల్ని పిలవగలడు, చేతిలో నల్లటి కత్తితో యుద్ధమూ చేయగలడు. ఇవన్నీ చదివిన కుర్రాళ్లు ఆటకొచ్చి ‘మాంత్రికుడికి కత్తి ఎందుకివ్వరు?’ అని అడక్కుండా ఉంటారా?

పొడుగు చెవులవాడికి మినహాయింపు

నిజానికి 1974 పుస్తకంలోనే ఒక సందు ఉంది. అడవుల్లో వందల ఏళ్లు బతికే ‘ఎల్ఫ్’ జాతి పాత్రను ఎంచుకుంటే యోధుడిగానూ ఉండొచ్చు, మాంత్రికుడిగానూ ఉండొచ్చు. ఒక సాహసానికి అది, ఇంకో సాహసానికి ఇది. మాయాకవచం దొరికితే అది తొడుక్కునే మంత్రాలు వేయొచ్చు. మరి ఇన్ని సౌకర్యాలకు కట్టాల్సింది? ఎదుగుదల! యోధుడిగా నాలుగో లెవల్, మాంత్రికుడిగా ఎనిమిదో లెవల్ దాటి వెళ్లలేడు. మనుషులకు అలాంటి హద్దు లేదు.

1981లో వచ్చిన ‘బేసిక్’ పెట్టెలో ఎల్ఫ్ అన్నదాన్నే ఒక క్లాస్ చేసేశారు. కవచం, కత్తి, మంత్రం... మూడూ ఒకే మనిషి దగ్గర! ఈసారి మూల్యం ఇంకో రూపంలో వసూలు చేశారు. రెండో లెవల్‌కు వెళ్లాలంటే యోధుడికి 2,000 అనుభవ పాయింట్లు చాలు. మాంత్రికుడికి 2,500. ఎల్ఫ్‌కి ఏకంగా 4,000! రెండు డిగ్రీలు ఒకేసారి చదివేవాడికి సమయం ఎక్కువ పడుతుంది కదా, అలాగే. 1992లో ‘కంప్లీట్ బుక్ ఆఫ్ ఎల్వ్స్’ పుస్తకంతో ‘బ్లేడ్‌సింగర్’ వచ్చాడు. కత్తి తిప్పడాన్నే నాట్యంలా, పాటలా మార్చుకుని మధ్యలో మంత్రాలూ వేసే ఎల్ఫ్ యోధుడు. వాడంటే ఆటగాళ్లకు ఎంత మోజో, ఎదురుగా కూర్చున్న సూత్రధారులకు అంత తలనొప్పి.

రెండు పడవల మీద కాళ్లు

1997లో టీఎస్ఆర్‌ను ‘విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్’ కంపెనీ కొనేసింది. 2000లో మూడో ఎడిషన్ వచ్చింది. అందులో పాత నిషేధాలన్నీ ఎత్తేశారు. ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు. మాంత్రికుడు కవచం తొడగొచ్చు. కాకపోతే మంత్రానికి చేతి ముద్రలు వేయాలి కదా, బరువైన ఇనుములో చేతులు తిరగవు. అందుకని ‘మంత్రం తప్పే శాతం’ పెట్టారు. తోలు కవచానికి 10 శాతం. గొలుసుల చొక్కాకు 20. నిలువెల్లా ఇనుప కవచానికి 35. నూరు వరకూ అంకె వచ్చేలా పాచికలు వేసి, 35లోపు పడితే ఆ మంత్రం గాల్లో కలిసిపోయినట్టే.

సరే, మనుషులు కూడా యోధుడి విద్య పది లెవల్స్, మాంత్రికుడి విద్య పది లెవల్స్ చదువుకోవచ్చన్నారు. వినడానికి బాగుంది. లెక్క వేసి చూస్తేనే గుండె జారేది. ఇరవై లెవల్స్ కత్తే తిప్పినవాడికి దాడి బలం 20. సగం సగం చదివినవాడికి 15. పోనీ మంత్రాల్లో? ఇరవై లెవల్స్ మంత్రాలే చదివినవాడు తొమ్మిదో స్థాయి మంత్రాలు వేస్తాడు. కాలాన్నే ఆపగలడు. మనవాడు ఐదో స్థాయి దగ్గరే ఆగిపోతాడు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. తన వంతు వచ్చినప్పుడు కత్తి ఎత్తాలి, లేదా మంత్రం వేయాలి. రెండూ ఒకేసారి కుదరదు. అంటే ఆ క్షణానికి వాడు ఓ సగం యోధుడు, లేకపోతే ఓ సగం మాంత్రికుడు. ఎప్పుడూ పూర్తి మనిషి కాడు!

నెలల తరబడి పెంచుకున్న పాత్ర పక్కవాళ్లకు బరువైపోతే ఎలా ఉంటుందో ఆడేవాళ్లకే తెలుస్తుంది. ఆరంభంలో అందరికంటే గొప్పగా కనిపించినవాడు, పెద్ద యుద్ధాలొచ్చేసరికి ఎవరికీ అక్కరకు రానివాడైపోతాడు. మొదట్లో భయపడిందేమో వీడు అందరి పనీ లాక్కుంటాడని. చివరికి జరిగింది వీడికే పని లేకపోవడం!

చిక్కు విప్పిన కత్తి

అక్కడి నుంచి పుస్తకం మీద పుస్తకం. 2003లో ‘ఎల్‌డ్రిచ్ నైట్’ను తెచ్చారు. ముందు కొంత కత్తి, కొంత మంత్రం నేర్చుకుని వస్తే, ఆ పైన రెండూ కలిపి పెరిగే దారి అది. కానీ ఆ గుమ్మం దాకా చేరడానికే చాలా ఆటలు గడిచిపోతాయి. అదే ఏడాది ‘హెక్స్‌బ్లేడ్’ వచ్చాడు. కత్తితో పాటు శాపాలు పెట్టేవాడు. కానీ మంత్రాల కోసం నాలుగో లెవల్ దాకా ఆగాలి.

‘వార్‌మేజ్’ది ఇంకో దారి. సైన్యం కోసమే తర్ఫీదు పొందిన మాంత్రికుడు. తలుపులు తెరిచే మంత్రాలు, మనసు చదివే మంత్రాలు ఇతనికి రావు. నిప్పు, మెరుపు, మంచు, ఆమ్లం... ఇవే చదువు. తేలికపాటి కవచంలో అతని మంత్రం తప్పదు. ఎనిమిదో లెవల్ నుంచి మధ్యరకం కవచంలోనూ తప్పదు. తెలివి ఎంత ఉంటే మంత్రం దెబ్బ అంత పెరుగుతుంది. 1971 నాటి ఫిరంగే తిరిగి వచ్చిందనుకోండి... ఈసారి యూనిఫాంలో!

అసలు ముడి విప్పింది మాత్రం 2006లో ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2’లో వచ్చిన డస్క్‌బ్లేడ్. ‘కత్తా? మంత్రమా?’ అన్న ప్రశ్ననే ఇతను కొట్టిపారేశాడు. తాకితే పనిచేసే మంత్రాల్ని చేత్తో కాకుండా కత్తితో తాకిస్తాడు. మూడో లెవల్ నుంచి ఒకే దెబ్బలో ఇనుమూ మెరుపూ రెండూ తగులుతాయి. దాడి బలంలో యోధుడికి సమానం. తేలిక కవచంలో మొదటినుంచీ మంత్రం తప్పదు. మరి ఏం వదులుకున్నాడు? మంత్రాల్లో వైవిధ్యాన్ని! అతనికి తెలిసిన మంత్రాలు కొన్నే. ఐదో స్థాయికి మించి రావు. కాలాన్ని ఆపడం లాంటి గొప్పలన్నీ అసలు మాంత్రికుడికే వదిలేశాడు. అందుకే ఒకే బల్ల దగ్గర ఇద్దరూ సుఖంగా ఆడుకోవచ్చు.

ఆ బాటలోనే మరికొందరు వచ్చారు. 2008లో నాలుగో ఎడిషన్‌తో పాటు వచ్చిన ‘స్వోర్డ్‌మేజ్’ కత్తి ఒక చేత పట్టి, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే అతని చుట్టూ ఉన్న మాయారక్షణ పెరుగుతుంది. స్నేహితుల్ని కాపాడటమే అతని పని. పైజో కంపెనీ ఆట ‘పాత్‌ఫైండర్’లో 2011లో ‘మేగస్’ వచ్చాడు. రెండు కత్తులతో పోరాడే యోధుడు ఉంటాడు కదా... ఇతనికి రెండో కత్తి బదులు మంత్రం! కాకపోతే ఒకేసారి రెండు పనులు చేస్తున్నాడు కాబట్టి దాడి అంకెలోంచి 2 తీసేస్తారు. కొట్టిన దెబ్బ తప్పినా మంత్రం కత్తిలోనే నిలిచి ఉంటుంది. అచ్చుకు ముందే నియమాల్ని ఆటగాళ్ల చేతుల్లో పెట్టి, ఆడించి, సరిచూసుకుని మరీ తెచ్చారు.

2014 నాటి ఐదో ఎడిషన్ ఇంకో మంచి మాట అంది. ‘రెండూ అవ్వు. కానీ ముందు నువ్వెవరో తేల్చుకో’ అని. ఎల్‌డ్రిచ్ నైట్ ఇప్పుడు మంత్రాలు నేర్చిన యోధుడు. కత్తిని తనతో బంధం వేసుకుంటాడు. ఎవరూ దాన్ని ఊడగొట్టలేరు, దూరంగా ఉన్నా పిలిస్తే చేతిలోకి వచ్చేస్తుంది. మంత్రాలు మాత్రం నాలుగో స్థాయి దాకానే. బ్లేడ్‌సింగర్ 2015లో కత్తి నేర్చిన మాంత్రికుడిగా తిరిగొచ్చాడు. మంత్రాలన్నీ అతనివే. కానీ బరువైన కవచం గానీ డాలు గానీ పట్టాడో అతని కత్తి పాట ఆగిపోతుంది. ఎల్ఫ్‌లకే పరిమితమన్న పాత షరతును 2020లో ఎత్తేశారు. 2024లో వచ్చిన సవరించిన పుస్తకంలో ఎల్‌డ్రిచ్ నైట్ తన వరస దెబ్బల్లో ఒకదాని బదులు చిన్న మంత్రం వేసే వీలు కూడా ఇచ్చారు. 1974లో ‘బాకు తప్ప ముట్టుకోకు’ అన్న ఆట ఎంత దూరం వచ్చిందో!

అమ్మానాన్నల భయం

ఈ ఆటకు చెడ్డపేరూ వచ్చింది. 1980ల్లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, చర్చి సంఘాలవాళ్లు ఇది పిల్లలకు క్షుద్రవిద్యలు నేర్పుతోందని గగ్గోలు పెట్టారు. 1982లో టామ్ హాంక్స్ కుర్రాడిగా నటించిన ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ అనే టీవీ సినిమా ఆ భయాన్ని ఇంకాస్త పెంచింది. 1989లో రెండో ఎడిషన్ తెచ్చినప్పుడు కంపెనీ పుస్తకంలోంచి దెయ్యాలు, పిశాచాలన్న పేర్లనే తీసేసింది. తర్వాత అవి తిరిగొచ్చాయి. భయం మాత్రం పోయింది.

పుస్తకం తెరిచి చూస్తే అందులో కనిపించే ‘మంత్రాలు’ ఎలా ఉంటాయో తెలుసా? పేరు, ఎంత దూరం పనిచేస్తుంది, ఎన్ని పాచికలు వేయాలి, ఎదుటివాడు తప్పించుకోవాలంటే ఎంత పడాలి... అంతే. జపించడానికి ఒక్క ముక్క ఉండదు. క్షుద్రవిద్య కన్నా లెక్కల పుస్తకానికే దగ్గర. పిల్లలకు కూడికలు, శాతాలు, సంభావ్యత తెలియకుండానే ఒంటబడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నాలుగు గంటలపాటు ఎదుటివాళ్ల ముఖం చూస్తూ మాట్లాడాలి. తన వంతు వచ్చేదాకా పక్కవాడి కథ వినాలి. ఫోను చేతికి అతుక్కుపోయిన ఈ రోజుల్లో ఇదేం తక్కువ విద్య కాదు.

మరి వంతు ఎవరిది?

ఇక మన గుహలోకి వెళ్దాం. రాక్షసుడికి ఇంకా 9 పాయింట్ల ప్రాణం ఉంది. దుడ్డుకర్ర పైకి లేచింది. సూత్రధారి పాచిక వేశాడు. తగిలింది! డస్క్‌బ్లేడ్ కుర్రాడి కాగితం మీద ప్రాణం 23 నుంచి 6కి పడిపోయింది. ఇంకో దెబ్బ పడితే పాత్ర పోయినట్టే. మూడు నెలలుగా పెంచుకున్న పాత్ర. కుర్రాడి ముఖంలో నవ్వు మాయమైంది.

అప్పుడు బల్ల ఆ చివర్నుంచి ఓ గొంతు. అరగంటగా చప్పుడు చేయకుండా కూర్చున్న అమ్మాయి. చిల్లర దొంగ పాత్ర ఆమెది.

‘‘రాక్షసుడు ఎటు చూస్తున్నాడు?’’

‘‘ఇంకెటు... మెరుపుల కత్తివైపే.’’

‘‘అయితే నేను వెనక ఉన్నా.’’

పాచిక దొర్లింది. తగిలింది. చిన్న కత్తికి ఒక పాచిక, వెన్నుపోటుకు రెండు. 3, 5, 4... మొత్తం 12. రాక్షసుడు కూలిపోయాడు! గదంతా కేకలు. కుర్రాడు లేచి వెళ్లి ఆ అమ్మాయికి చిప్స్ ప్యాకెట్టు మొత్తం ఇచ్చేశాడు.

యాభై ఏళ్లుగా నియమాలు రాసేవాళ్లు కిందామీదా పడింది ఈ ఒక్క క్షణం కోసమే. కత్తీ మంత్రమూ రెండూ వచ్చినవాడు కూడా 29లో 20 మాత్రమే కొట్టగలగాలి. మిగతా 9 ఇంకొకరికి మిగలాలి!

* * *

మన రాక్షసుడూ ఉన్నాడు!

ఈ ఆట పుస్తకాల్లో మన పేరు ఒకటి చాలాకాలంగా ఉంది. 1977లో వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో ‘రాక్షస’ అనే జీవి కనిపిస్తుంది. అయితే మన కథల్లోలా కోరలూ గదా ఉండవు. పులి తల, ఒంటిమీద దొరబాబుల కోటు, నోట్లో పైపు! మాయారూపాలు ధరించడంలో దిట్ట. ఇతన్ని చంపాలంటే పూజారి ఆశీర్వదించిన బాణం కావాలి. 1980లో వచ్చిన ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’ అనే పుస్తకంలో గ్రీకు, ఈజిప్టు దేవతలతో పాటు మన పురాణాల దేవతలకూ ఒక అధ్యాయం ఇచ్చారు.

ఆడాలంటే...

* నలుగురైదుగురు కావాలి. అందులో ఒకరు సూత్రధారి.

* పాచికల సెట్టులో ఏడు ఉంటాయి. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు. ఆ రెండూ కలిపి వేస్తే నూరు వరకూ అంకె వస్తుంది.

* పుస్తకాలు కొనాలనేం లేదు. ఐదో ఎడిషన్ మూల నియమాల్ని కంపెనీ 2023లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది.

* మొదటిసారి ఆడేవాళ్లు మామూలు యోధుణ్ని ఎంచుకోవడం మంచిది. కత్తీ మంత్రమూ కలిసిన పాత్రకు లెక్కలు ఎక్కువ. నాలుగైదు ఆటలయ్యాక దాని రుచి చూడొచ్చు.

* ఒక్క ఆటకు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం టీ వేళకు పూర్తవుతుంది.